గరాజ్‌లో మారేడు

సాక్షాత్తూ పరమశివుణ్ణి చక్రాల పీట మీద కూర్చోబెట్టి, చలేస్తుందని గరాజ్‌లోకీ ఎండొచ్చిందని పెరట్లోకీ మూడేళ్ళపాటు అటూ ఇటూ తోసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఆమె కాశీలో లేదు, శ్రీశైలంలో లేదు. ఆర్కన్సా రాష్ట్రంలో, బెంటన్‌విల్ ఊళ్ళో, రెండు కార్ల గరాజ్ ఉన్న ఇంట్లో ఉంది. పేరు ఛాయాదేవి. వయసు యాభై ఒకటి. ఉద్యోగం టెస్టింగ్, అంటే ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పట్టుకోవడం. రోజంతా ఆఫీసులో ఊరివాళ్ళ తప్పులు పట్టి ఆమె ఇంటికొచ్చేసరికి, ఇంట్లో తప్పు సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ చూస్తూ ఉండేది. అది మాత్రం ఆమె కంట పడలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ఈశ్వరుణ్ణే ఇంట్లో పెట్టుకున్నా పట్టలేమని తేల్చి చెప్పింది ఛాయాదేవి సంసారం.

ఆమె పుట్టింది గూడూరులో. తండ్రి నిమ్మకాయల మార్కెట్టులో కాటా గుమాస్తా. మిగతా పిల్లలు ఉయ్యాలలో ఊగితే ఛాయాదేవి కాటా తట్టలో ఊగింది. కళ్ళు మూసి చేతిలో కాయ పెడితే చాలు, అది ఏ ఊరి తోటదో, చెట్టుకు నీళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందో, ఆ రైతుకు పెళ్ళాంతో మాటలున్నాయో లేవో కూడా వాసన చూసి చెప్పేసేది. మూడోది మరీ ఎక్కువ అనిపించినవాళ్ళు మొదటి రెండూ నమ్మితే చాలు, కథ నడుస్తుంది.

ఇరవై నాలుగో ఏట వీరభద్రరావును పెళ్ళాడి అమెరికా వచ్చింది. ఆయనది తెనాలి వైపు. మంచివాడు. గొంతు పెద్దది, ధైర్యం చిన్నది. గట్టిగా అడిగితే బ్యాంకు పాస్‌వర్డ్ కూడా చెప్పేస్తాడు. గట్టిగా అడగకపోతే ఇల్లు తగలబడుతున్నా చెప్పడు.

వీసా లాగినచోటికి ప్రాజెక్టు, ప్రాజెక్టు లాగినచోటికి కాపురం. మొదట ఇర్వింగ్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్. ఆ వీధి చివర నర్సరీలో నిమ్మచెట్లు కుండీల్లో బారులు తీరి ఉండేవి, పెట్టుకుందామంటే బాల్కనీలో జానెడు ఎండ లేదు. తర్వాత షాంటిలీలో టౌన్‌హోమ్. అక్కడ వాకిట్లో పూలకుండీ పక్కకు జరిపినా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చేది. చివరికి బెంటన్‌విల్‌లో సొంత ఇల్లు, వెనకాల ఇంత పెరడు, పెరడు నిండా ఎండ. చెట్టు అమ్మేవాడే లేడు. జుట్టున్ననాడు దువ్వెన లేదు, దువ్వెన దొరికేసరికి తల బోడి.

నిమ్మకాయలు షాపులో దొరకవా అని అడిగేవాళ్ళు ఎన్నడూ ఊరగాయ పెట్టనివాళ్ళు. అమెరికాలో ఆకుపచ్చగా ఉన్నదాన్ని లైమ్ అంటారు, పచ్చిగానే కోసి పచ్చిగానే అమ్ముతారు. పసుప్పచ్చగా ఉన్నదాన్ని లెమన్ అంటారు, దాని తోలుతో చెప్పులు కుట్టించుకోవచ్చు. ఊరగాయకు కావలసింది చెట్టు మీదే రంగు తిరిగిన పలచటి తోలు కాయ. అది చెట్టున్నవాళ్ళకే దొరుకుతుంది. ఇరవై మూడేళ్ళు ఛాయాదేవి షాపు కాయలతోనే ఊరగాయ పెట్టింది. తిన్నవాళ్ళందరూ ఆహా ఓహో అన్నారు. తను మాత్రం ఒక్క ముద్ద కలుపుకుని జాడీ మూత పెట్టేసేది. ఇది మా ఊరి నిమ్మ కాదు, దాని ఫోటో అనేది.

సొంత ఇంట్లోకి వచ్చిన ఏడు వేట మొదలుపెట్టింది. ఏప్రిల్‌లో పెద్ద షాపు గార్డెన్ సెక్షన్‌కి ట్రక్కు వస్తుందని, అందులో నాలుగంటే నాలుగే నిమ్మమొక్కలు ఉంటాయని, తలుపు తీసేవేళకు వెళ్ళకపోతే మాయమవుతాయని తెలిసింది. మనీషాను వెంటేసుకుని వెళ్ళింది. మనీషాది కరీంనగర్. రెండిళ్ళవతల ఉంటుంది, అదే ఆఫీసు, ఛాయాదేవి కంటే పదిహేనేళ్ళు చిన్నది. దొరికింది మేయర్ లెమన్ అనే రకం. ఛాయాదేవి ఒక ఆకు నలిపి వాసన చూసి మొక్కను ఎక్కడిదక్కడ పెట్టేసింది.

“ఏమైందక్కా? చెట్టు మంచిగనే ఉంది కదా.”

“ఇది నిమ్మ కాదు మనీషా. షుగరొచ్చిన బత్తాయి.”

ఆన్‌లైన్‌లో చూస్తే ఫోటోలో చెట్టు నిండా కాయలు, పెట్టెలో వచ్చింది చీపురుపుల్ల. ఫ్లోరిడాకు ఫోన్ చేస్తే, నిమ్మజాతికి తెగుళ్ళొచ్చి రూల్స్ పెట్టారు, మేము రాష్ట్రం దాటించం అన్నారు. కాలిఫోర్నియాకు చేస్తే మీ ఊరి పేరు మా లిస్టులో లేదన్నారు. టెక్సాస్‌లో ఒకాయన, అంత చలి ఊళ్ళో నిమ్మచెట్టెందుకమ్మా, ఆపిల్ పెట్టుకో అని సలహా ఇచ్చాడు. మొత్తం నలభై రెండు నర్సరీలకు ఫోన్ చేసింది. ఆరో ఏడో చేశానని ఆమె అంటుంది గానీ, ఈ కథకు నలభై రెండుకు తక్కువైతే గిట్టదు.

చివరికి కొండలు దాటి దక్షిణంగా రెండు గంటలు డ్రైవ్ చేస్తే, పాత కోళ్ళషెడ్డుకు ప్లాస్టిక్ కప్పు వేసి నర్సరీ చేసుకున్న ఒక ముసలాయన దగ్గర దొరికింది. నాలుగడుగుల చెట్టు, చిన్న ఆకు, సన్న ముల్లు. ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకోగానే గూడూరు మార్కెట్టు, గోనెసంచులు, హమాలీల కేకలు, నాన్న చెవి మీద పెట్టుకునే పెన్సిలు అన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. ఛాయాదేవి నిలబడ్డచోటే ఏడ్చేసింది. ముసలాయన కంగారుపడి కుర్చీ తెచ్చి వేశాడు.

చెట్టును కారెక్కిస్తూ ఆయన ఏదో చెప్పాడు. ఇది అంటు కట్టిన చెట్టు, పైనున్నది నిమ్మ, కింద వేరు ఇంకో జాతి, కట్టు కింద నుంచి ఏ చిగురు వచ్చినా తుంచేయాలి అని. ఆయన యాసలో సగం ఆమెకు అర్థం కాలేదు, అర్థమైన సగం ఆమె వినలేదు. గూడూరు పిల్లకు నిమ్మచెట్టు గురించి ఆర్కన్సా తాత చెప్పడమా! వాళ్ళ ఊళ్ళో గింజ నాటితే నిమ్మ మొలుస్తుంది. పైన ఏ చెట్టో కిందా అదే చెట్టు. మనిషికి తల ఒకరిది, కాళ్ళు ఇంకొకరివి ఉంటాయా?

ఆ వేసవిలో చెట్టు పూసింది. ఆరు పిందెలు నిలిచాయి. డిసెంబరు వచ్చేసరికి ఆరు కాయలూ రంగు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడే షాంటిలీలో పాత స్నేహితురాలు శ్రీవిద్య కూతురికి ఓణీల ఫంక్షన్ వచ్చిపడింది. వెళ్ళక తప్పదు. చెట్టును హాల్లో కిటికీ దగ్గర పెట్టి, పక్కన ధర్మామీటరు పెట్టి, మొగుడికి అప్పగింతలు పెట్టింది.

“చెట్టును కదిలించబాకండి. నీళ్ళు పోయబాకండి. అసలు దాని జోలికే పోబాకండి. నేనొచ్చాక కాయలు కోస్తా.”

“పసిపిల్లను వదిలి వెళ్తున్నట్టు చెబుతావేంటే! నేను చూసుకుంటాగా,” అన్నాడు వీరభద్రరావు, ఛాతీ మీద చెయ్యేసుకుని.

ఆరో రోజు తిరిగొచ్చేసరికి చెట్టు గరాజ్‌లో ఉంది. చెట్టంటే చెట్టు కాదు, జానెడు మోడు.

“ఏందండీ ఇది?”

“ప్రూనింగ్ చేశానే. యూట్యూబ్‌లో చూశాను. చలికాలంలో గట్టిగా కొట్టేస్తే వేసవికి గుబురుగా వస్తుందట.”

“నా కాయలు?”

“రాలిపోయాయి. చెట్టుకు బరువు కదా.”

“యాడున్నాయి?”

“చెత్తబండి తీసుకుపోయింది.”

పాతికేళ్ళ కాపురంలో ఆయన గులాబీ కొమ్మ కూడా కత్తిరించినవాడు కాదు. ఆ సంగతి ఛాయాదేవికి తట్టింది. తట్టినా, తెలిసీ తెలియక చెట్టు మంచికోసమే కత్తి పట్టాడనుకుంది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు క్షమించేసి ఉప్మా చేసి పెట్టింది. ఆయన రెండోసారి అడిగి వేయించుకుని మరీ తిన్నాడు. తర్వాత రోజుల్లో నిజం తెలిశాక, అన్నిటికంటే ఆ ఉప్మానే ఆమెకు గొంతులో అడ్డం పడింది.

మార్చిలో మోడు అడుగు నుంచి చిగుళ్ళు లేచాయి. ఛాయాదేవి మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. నిమ్మాకు ఒంటాకు. ఇవి మూడేసి ఆకులు. ముల్లు చూస్తే బొటనవేలంత ఉంది.

“ఏమండీ, ఇట్టా రండి. ఇదేం చిగురు?”

వీరభద్రరావు వంగి చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది మొహం. సరిగ్గా ఆ క్షణాన, కరివేపాకు కోసం వచ్చిన మనీషా పక్క తలుపులోంచి తొంగిచూసి కెవ్వుమంది.

“అక్కా! మారేడు దళం కదా గిది! మూడాకులు, ముండ్లు! శివయ్యకు పెట్టేది గిదే! చూడు చూడు, నాకు గూస్‌బంప్స్ వస్తున్నయ్!”

“నిమ్మచెట్టుకు మారేడు మొలవడమేంది, పిచ్చిదానా?”

“అందుకే కదా నేననేది! నువ్వు పెట్టింది నిమ్మ. వచ్చింది మారేడు. ఇగ దీన్ని ఏమంటరు?”

ఇద్దరూ వీరభద్రరావు వంక చూశారు. ఆయన రెండు చేతులూ మెల్లగా పైకి లేచి దండం పెట్టాయి.

“నేననుకుంటూనే ఉన్నాను,” అన్నాడు. “చెబితే నమ్మరని ఊరుకున్నాను.”

ఛాయాదేవి చాలాసేపు ఆ చిగురు దగ్గరే కూర్చుంది. రంగు తిరుగుతున్న ఆరు కాయలు కళ్ళముందు మెదిలాయి. కానీ కోరి వచ్చి పీట మీద కూర్చున్న దేవుణ్ణి, లే, ఇది నిమ్మకాయల సీటు అని ఎలా అంటాం? “సరే, వచ్చినాయన్ను పొమ్మంటామా,” అని లేచింది. ఆ రోజే మొక్కుకుంది, ఈ కుండీలో ఇక నిమ్మకాయ అడగనని, ఇంట్లో నిమ్మకాయ ఊరగాయ పెట్టనని. జాడీలు కడిగి అటక మీద పెట్టించింది.

ఆ తర్వాత వైభోగం మామూలు వైభోగం కాదు. కార్తీక సోమవారాలు, మాస శివరాత్రులు, అన్నిటికీ మించి మహాశివరాత్రి. వాట్సాప్‌లో ఫోటో పడిందో లేదో రాజర్స్ నుంచి, టల్సా నుంచి, కాన్సస్ సిటీ నుంచి జనం కార్లు కట్టుకుని వచ్చారు. ఇంటికి పదకొండు దళాలు చొప్పున పంచినా చెట్టు తరగలేదు. కార్లు హైవే దాకా నిలబడితే, టికెట్లు రాయడానికి వచ్చిన పోలీసు బూట్లు విప్పి లోపలికెళ్ళి, మూడాకులు టోపీలో పెట్టుకుని బయటికొచ్చాడు. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళే పిల్లలు పాస్‌పోర్టులో ఒక దళం పెట్టుకెళ్ళేవాళ్ళు. ఒకబ్బాయికి రెండు నిమిషాల్లో అప్రూవ్ అయింది. అప్పట్నించి లేఆఫ్ మాట వినిపించిన వారమల్లా ఛాయాదేవి కాలింగ్ బెల్ ఆగకుండా మోగేది.

గుడి కమిటీవాళ్ళు వీరభద్రరావుకు శాలువా కప్పారు. ఆ శాలువా వేడికి ఆయన కథకు రెక్కలొచ్చాయి. మొదటి ఏడు, ‘ఏదో దేవుడి దయండీ’ అన్నాడు. రెండో ఏడు ఒక కల వచ్చింది. “తెల్లవారుజామున కనిపించి, భద్రా, నాకు కొంచెం చోటివ్వరా అన్నాడండీ. ఎక్కడ స్వామీ అన్నాను. గరాజ్‌లో అన్నాడు.” మూడో ఏటికి కలలో నంది కూడా వచ్చి కారు పక్కన పడుకుంది. వంటింట్లోంచి వింటూ ఛాయాదేవి, ఈయన నాకెప్పుడూ ఈ కల చెప్పలేదే అనుకునేది. అనుకుని, ఆ వచ్చినవాళ్ళకు కాఫీలు కలిపేది.

చాకిరీ అంతా ఆమెదే. అక్టోబరు రాగానే కుండీని చక్రాల పీట మీద గరాజ్‌లోకి తోయడం, హీటరు పెట్టడం, దీపాలు వెలిగించడం, ఏప్రిల్‌లో మళ్ళీ పెరట్లోకి తోయడం. నడుము పట్టేసి ఒక చలికాలమంతా బెల్టు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. హీటరు మాత్రం వీరభద్రరావే కొనుక్కొచ్చాడు, ఉన్నవాటిలో పెద్దది. పెళ్ళయ్యాక ఆమె అడక్కుండా ఆయన కొన్న వస్తువు అదొక్కటే. ఎంత భక్తి అని ఆమె మురిసిపోయింది.

మూడో ఏడు అక్టోబరులో చెట్టుకు రెండు కాయలు కనిపించాయి.

మారేడుకాయ అంటే క్రికెట్ బంతి. గోడకేసి కొడితే గోడే పగలాలి. ఇవి నిమ్మకాయంత ఉన్నాయి, పసుప్పచ్చగా, ఒంటి నిండా సన్నటి నూగుతో. ఛాయాదేవి ఒకటి కోసి అరచేతిలో పెట్టుకుంది. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని వాసన చూసింది. కళ్ళు తెరవడానికి కాసేపు పట్టింది.

అది నిమ్మకు చుట్టం. మారేడు కాదు.

కోసి చూస్తే లోపల గుప్పెడు గింజలు, చేతికి అంటుకునే జిగురు. నాలుక మీద పెట్టుకుంటే చెవుల దాకా చేదు. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి, రెండో కాయనూ ఒక కొమ్మనూ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని కౌంటీ వ్యవసాయ ఆఫీసుకు వెళ్ళింది. మొక్కలు పోల్చి చెప్పే కౌంటరులో ఒక తెల్లజుట్టు ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

“మూడాకుల నారింజ ఇది. నిమ్మ, నారింజ అంట్లు కట్టడానికి వేరు కోసం వాడతారు. మీరు కొన్న నిమ్మ పైన ఉండేది. అది చచ్చిపోయి, కింది వేరు చిగురించింది.”

“చావలేదండీ. మా ఆయన ప్రూనింగ్ చేశారు.”

“ఎంత ఎత్తు మిగిల్చారు?”

ఛాయాదేవి చెయ్యి చాపి చూపించింది. ఆవిడ ఆ జానెడు వంక చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. “కోసిన కొమ్మలు మీరు చూశారా? ఆకులు పచ్చగా ఉన్నాయా, మాడిపోయి ఉన్నాయా?”

“చూడలేదు.”

“చలికి కాలితే నల్లబడతాయి. కోసినవాళ్ళకు తెలిసే ఉంటుంది.”

సంచి మూతి బిగించుకుంటూ ఛాయాదేవి ఇంకొక్కటి అడిగింది. “మూడేళ్ళుగా దీన్ని చలికాలం లోపల పెట్టుకుని హీటరు వేస్తున్నాను. ఇంకా ఎక్కువ వేడి కావాలా?”

“అయ్యో, అవసరమే లేదు. ఇది మంచులో కూడా నిలబడుతుంది. బయట నాటేయండి.”

కార్లో కూర్చుంది గానీ తాళం తిప్పలేదు. కూతురు వేదకు ఫోన్ చేసింది. వేద గంట దూరంలో, యూనివర్సిటీలో చదువుకుంటోంది.

“వేదా, నేను శ్రీవిద్య ఆంటీ వాళ్ళింటికి పోయినప్పుడు మన చెట్టుకేమైందో నీకు తెలుసా?”



“మామ్... ఐ థాట్ నాన్న నీకు చెప్పాడు.”

“ఏం చెప్పాడని?”

“చెట్టు డెడ్ అయింది అని. నాకు పిక్చర్ పంపాడు. ఏం చేయాలి అన్నాడు. కట్ చేయి అని నేను చెప్పాను. తర్వాత అందరూ వచ్చి గాడ్, గాడ్ అన్నారు. యూ వర్ సో హ్యాపీ, మామ్. నాన్న చెప్పొద్దు అన్నాడు.”

“మూడేళ్ళు?”

“సారీ, మామ్.”

“ఆ పిక్చర్ పంపు.”

ఫోన్ తెరమీద చెట్టు కనిపించింది. ఆకులన్నీ ఉడికించి ఆరేసినట్టు నల్లగా వేలాడుతున్నాయి. ఆరు కాయలూ ఆరు గాజుగోళీల్లా గడ్డకట్టి చెట్టునే ఉన్నాయి. రాలలేదు. ఛాయాదేవి రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది, ఆఫీసులో స్క్రీన్‌షాట్ చూసినట్టు, ఒక మూల నుంచి ఇంకో మూలకు. చెట్టు వెనక గరాజ్ షట్టరు మూరెడు ఎత్తి ఉంది. దాని కింద నుంచి తెల్లగా మంచు. పక్కన, ఇంట్లో వాసన రాకూడదని పెట్టుకున్న రెండో పొయ్యి. పొయ్యి మీద మూకుడు. మూకుట్లో చేపముక్క.

ఆ సాయంత్రం ఆమె అరవలేదు, వస్తువులు విసరలేదు. ఆయన ముందు కూర్చుని ఒక్కటే అడిగింది. గట్టిగా అడిగింది.

“ఆ రోజు చేపలు వేయించింది ఎవురు?”

వీరభద్రరావు కుక్కిన పేనులా అయిపోయాడు. ఒక్కొక్క ముక్కా బయటికొచ్చింది. క్రికెట్ మ్యాచ్ చూడ్డానికి నలుగురు స్నేహితులు వస్తున్నారని హాల్లో చోటు కోసం చెట్టును గరాజ్‌లోకి జరిపాడు. చేపల వాసన పోతుందని షట్టరు ఎత్తిపెట్టి మర్చిపోయాడు. తెల్లారేసరికి ఫారెన్‌హీట్‌లో సున్నా కంటే కిందికి పోయింది.

“నిన్ను ఏడిపించడం ఇష్టంలేక చెప్పలేదే.”

“మారేడని ఎందుకన్నారు?”

“నేనెక్కడన్నాను? మనీషా అంది!”

“నేననుకుంటూనే ఉన్నాను అన్నది ఎవురు?”

ఆయన కాలి బొటనవేలితో తివాచీ గీకాడు.

“పోనీ, ఆ కల?”

“కల...” అని తల గోక్కున్నాడు. “మొదటిది కొంచెం నిజంగానే వచ్చినట్టుంది.”

ఛాయాదేవికి నవ్వు రాలేదు. ఇంకొకప్పుడైతే వచ్చేదే. “చెట్టు చచ్చింది అనుంటే ఒకపూట ఏడ్చి ఊరుకునేదాన్ని. ఇంకో చెట్టు కోసం ఆ ముసలాయన దగ్గరికే పొయ్యేదాన్ని. మీరు నా ఏడుపు తప్పించడానికి, చచ్చినదానికి నా చేత మూడేళ్ళు హారతి ఇప్పించారు. ఊరి చేత ఇప్పించారు. నా పిల్ల చేత కూడా అబద్ధం ఆడించారు.”

“తప్పయిపోయిందే.”

“నాకు చెబితే ఏముంది? శివరాత్రికి అందరూ వస్తారు. మీరే చెప్పండి, మీ నోటితో. అది చాలు నాకు.”

“చెబుతాను. ఒట్టు, చెబుతాను.”

ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె నాలుగు నెలలు గడిపింది. కాపురం నిలుస్తుందా కూలుతుందా అన్న బెంగ కాదు. పాతికేళ్ళు పైబడి ఏ మనిషి మాట మీద ఊళ్ళు మారిందో, సామాను కట్టిందో, ఆ మాటకు ఇంకా విలువుందా అని. ఆయన స్నానాల గదిలో నీళ్ళు వదిలేసి, ‘భక్తులారా, ఒక పొరపాటు జరిగింది’ అని గొంతు సవరించుకుని సాధన చేస్తుంటే తలుపు బయట నిలబడి వినేది. ఆ సాధనకు ఊళ్ళో చెరువు ఒకటి ఎండిపోయింది. నీళ్ళ బిల్లు చూసినవాళ్ళకు అది అతిశయోక్తి అనిపించదు.

శివరాత్రి ఆదివారం వచ్చింది. పొద్దున పదింటికి గరాజ్‌లో నలభైమంది. హీటరు వేడికి చెట్టు పచ్చగా కళకళలాడుతోంది. ఛాయాదేవి కుండీకి ఒకవైపు, వీరభద్రరావు ఇంకోవైపు. మనీషా పళ్ళెం పట్టుకుని దళాల కోసం చెయ్యి చాపబోతుంటే ఆయన ఆపాడు.

“ఒక్క నిమిషం. ఇవాళ మీ అందరికీ ఒక నిజం చెప్పాలి.”

ఛాయాదేవి తలెత్తి చూసింది. చెబుతున్నాడు. పక్కకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుందామా అని కూడా అనుకుంది.

“ఇన్నాళ్ళూ ఈ చెట్టు నావల్ల వచ్చిందని మీరంతా నాకు శాలువాలు కప్పారు,” అన్నాడు. నలభై మొహాలను చూశాడు. ఛాయాదేవి మొహాన్ని మాత్రం చూడలేదు. “అది నిజం కాదు. నాకే కలా రాలేదు. కల వచ్చింది మా ఆవిడకు. చెట్టు వచ్చింది మా ఆవిడ భక్తికి. ఇందులో నాదేం లేదండీ. మొత్తం ఛాయదే.”

గరాజ్ చప్పట్లతో మారుమోగింది. మర్నాడు స్టాంపింగ్‌కి బయల్దేరుతున్న ఒకమ్మాయి వంగి ఛాయాదేవి కాళ్ళకు దండం పెట్టింది.

ఆ తర్వాత ఏం జరిగిందో ఊళ్ళో మూడు రకాలుగా చెప్పుకుంటారు. అసలు సిసలైనది ఇదొక్కటే. ఛాయాదేవి కళ్ళు ఎర్రబడ్డాయి. గోడకున్న రంపం దానంతటదే ఆమె చేతిలోకి వచ్చింది. మూడు కోతలు కోసింది, ఆకుకొక కోత. చెట్టు కూలిన చప్పుడుకు నలభై కార్ల అలారాలు ఒక్కసారిగా మోగాయి. పీట మీంచి కుండీ కదిలి, వాకిలి దాటి, రోడ్డెక్కి, హైవే పట్టి ఉత్తరదిక్కుగా దొర్లింది. వెనకాల శాలువాతో వీరభద్రరావు, ఆయన వెనక గుడి కమిటీ మొత్తం పరుగు. మిజోరీ సరిహద్దు దాటాకగానీ ఆ కుండీ ఆగలేదు.

రాసినదంతా ఆమెకు చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివింది. కాయితాలు సర్ది తిరిగి ఇచ్చేస్తూ ఇంతే అంది:

“రంపం లేదు. కుండీ యాడికీ పోలా. ఇది మారేడు కాదు, నాకే కలా రాలేదు, ఆకులు కోయబాకండి అని చెప్పినా. మూడేళ్ళూ మాకు అబద్ధం చెప్పినవా అక్కా అని మనీషా అడిగింది. ఆయన పక్కనే ఉన్నారు. ఏం మాట్లాళ్ళేదు.”